హాస్టల్ లేదంటే హాస్టలే పెట్టారు



పొద్దున ఏడింటికి శంషాబాద్ బస్టాండు దగ్గర నిలబడితే జనం రెండు పాయలుగా విడిపోవడం కనిపిస్తుంది. ఒక పాయ విమానాశ్రయం వైపు సాగుతుంది. చక్రాల పెట్టెలు, క్యాబులు, షిఫ్టు ఎక్కేవాళ్లు, షిఫ్టు దిగి ఇంటిదారి పట్టేవాళ్లు అందులో ఉంటారు. రెండో పాయ పట్నం వైపు వెళ్తుంది. అందులో ఆడపిల్లలు ఎక్కువ. భుజాన పుస్తకాల సంచి, చేతిలో టిఫిన్ డబ్బా, మెడలో కాలేజీ కార్డు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చి ఇక్కడ బస్సు ఎక్కుతారు. ఆరాంఘర్ చౌరస్తా, జూపార్కు, అఫ్జల్‌గంజ్ దాటుకుంటూ కోఠీలో దిగుతారు. ఎత్తయిన స్తంభాలతో నిలబడ్డ పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణే వాళ్ల కాలేజీ.

ఆ కాలేజీ 1924లో నాంపల్లిలో మొదలైనప్పుడు చేరింది ఏడుగురే. పరదా పాటించే రోజులు. ఆడపిల్ల ఇంటర్మీడియట్ చదవడమంటే ఊరంతా చెప్పుకునే సంగతి. 1949లో కాలేజీ కోఠీ రెసిడెన్సీకి మారింది. ఒకప్పుడు ఇంగ్లీషు దొర దర్బారు నడిపిన హాళ్లలో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఇళ్ల అమ్మాయిలు పాఠాలు విన్నారు. 2022లో అది తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయమైంది.

ఏడుగురి నుంచి విశ్వవిద్యాలయం దాకా సాగిన ఈ దారిని ప్రభుత్వాలు మాత్రమే వెయ్యలేదు. విశ్వవిద్యాలయాల గేట్ల పక్కన, కొన్నిసార్లు ఆ గేట్లు మూసి ఉన్నప్పుడే, ఆడవాళ్లు కట్టుకున్న సంఘాలు కొన్ని ఉన్నాయి. మండలి అన్నారు, సభ అన్నారు, సదనం అన్నారు. చదువుకున్న ఆడవాళ్లు నలుగురు కూడితే సమాజానికి ఏమి ఒరిగిందో ఈ పూట ఆ సంఘాల కథలోనే చూద్దాం.

ఇలాంటి సంఘాలు ప్రపంచమంతటా ఉన్నాయి. లండన్‌లో యూనివర్సిటీ విమెన్స్ క్లబ్ అని ఒకటి 1886 నుంచి నడుస్తోంది. అప్పటికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో స్త్రీలు పాఠాలు వినవచ్చు, పరీక్షలు రాయవచ్చు, పట్టా మాత్రం ఇవ్వరు. ఆక్స్‌ఫర్డ్ 1920లో ఇచ్చింది. కేంబ్రిడ్జి 1948 దాకా తాత్సారం చేసింది. మగవాళ్ల క్లబ్బుల్లో చోటులేని ఆ విదుషీమణులకు పట్నంలో కూర్చుని మాట్లాడుకోవడానికీ, రాత్రికి తలదాచుకోవడానికీ ఒక ఇల్లు కావలసి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో ఇలాంటి సంఘాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. దేశదేశాల చదువుకున్న ఆడవాళ్ల మధ్య స్నేహం పెరిగితే ఇంకో యుద్ధం రాకుండా చూడవచ్చని వాళ్ల ఆశ.

మన హైదరాబాదుకీ ఆ ప్రపంచంతో చుట్టరికం ఉంది. సరోజినీ నాయుడు పదహారేళ్ల వయసులో నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్లి లండన్ కింగ్స్ కాలేజీలోనూ, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోనూ చదివారు. తిరిగి వచ్చాక అబిడ్స్ దగ్గరి ఆమె ఇల్లు, గోల్డెన్ త్రెషోల్డ్, ఊళ్లోని కవులకూ సంస్కర్తలకూ కూడలి అయింది. 1974 అక్టోబరు 2న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని తొలి ప్రాంగణం ఆ ఇల్లే.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు సహాయానికి కదిలిన స్త్రీలలో అమీనా హైదరీ ముందున్నారు. ఆ సేవకు ఆమెకు కైసరే హింద్ పతకం వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1907లో, మహబూబియా బాలికల పాఠశాల ఏర్పాటులో ఆమె చేయి ఉంది. తర్వాత నగరంలో ఆమె పేరున లేడీ హైదరీ క్లబ్బు కూడా వెలిసింది. అయితే ఈ తొలినాటి కృషి చాలావరకు ఉన్నత కుటుంబాల వాకిళ్లలోనే తిరిగింది. పల్లెటూరి తెలుగు ఇంటి ఆడపిల్లకు వేరే కష్టం ఉంది. అది భాష.

నిజాం రాజ్యంలో అన్ని భాషల వాళ్లలోకీ ఎక్కువమంది తెలుగువాళ్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. మగపిల్లవాడు ఎలాగో బడిలో ఉర్దూ నేర్చుకునేవాడు. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని ఆడపిల్ల ఎక్కడికి పోతుంది?

ఆ ప్రశ్నకు జవాబు విచిత్రమైన దారిలో వచ్చింది. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షులు పుణే నుంచి వచ్చిన ధోండో కేశవ కర్వే. వితంతువుల చదువు కోసం జీవితమంతా పాటుపడి, 1916లో దేశంలోనే మొదటి మహిళా విశ్వవిద్యాలయం స్థాపించిన మనిషి. ఆ సభలో ఒక న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే జనం అల్లరి చేసి ఆపారు. ఆ అవమానంతో లేచిపోయిన తెలుగువాళ్లు ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. వాళ్లలో ఒకరు మాడపాటి హనుమంతరావు. 1928లో నారాయణగూడలో ఆయన పూనికతో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నిలబడింది. తెలుగులో చెప్పిన చదువును ఉస్మానియా గుర్తించలేదు. అప్పుడు ఆ బడి కర్వే విశ్వవిద్యాలయం తలుపు తట్టింది. మాతృభాషలోనే పరీక్ష రాయనిచ్చే విశ్వవిద్యాలయం అది. హైదరాబాదు నడిబొడ్డున కూర్చుని తెలుగు పిల్లలు పుణే విశ్వవిద్యాలయం మెట్రిక్ రాశారు. ఇంట్లో ఉన్న విశ్వవిద్యాలయం కాదంటే, వందల మైళ్ల అవతలి విశ్వవిద్యాలయం అక్కున చేర్చుకుంది.

ఈ కదలికకు తోడుగా ఆడవాళ్ల సభలూ మొదలయ్యాయి. ఆ జనసంఘం నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో జరిగినప్పుడు దాని పక్కనే ఆంధ్ర మహిళా సభ జరిగింది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. అక్కణ్ణుంచి మగవాళ్ల మహాసభ ఏ ఊళ్లో జరిగితే ఆ ఊళ్లో ఆడవాళ్లూ సభ తీర్చారు. ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షులు. ఆడపిల్లల చదువు, బాల్యవివాహాలు మానడం, వితంతు వివాహం, పరదా తొలగించడం వాళ్లు చర్చించిన విషయాలు.

శంషాబాదు వాళ్లకు దగ్గరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1936లో ఆ సభలు షాద్‌నగర్‌లో జరిగాయి. ఇప్పుడు విమానాశ్రయం పక్కగా బెంగళూరు వైపు సాగే రహదారి మీద ముందుకు వెళితే వచ్చే ఊరే. మహాసభకు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షులు. ఈ జిల్లాకు ఉన్న పేరు ఆయనదే. మహిళా సభకు బూర్గుల అనంతలక్ష్మి అధ్యక్షులు. రోడ్లు మట్టివి. ప్రయాణం ఎడ్లబండి మీద, లేదంటే రైల్లో. ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్లు పందిట్లో కూర్చుని, ఒక ఆడమనిషి వేదిక ఎక్కి మా పిల్లలకు బడి కావాలని అడగడం విన్నారు. రెండు మూడు రోజులు జరిగే ఆ సభ ముగిశాక ఏం చెయ్యాలన్నది తర్వాతి ప్రశ్న.

అందుకే ఏడాది పొడుగునా పనిచేసే సంఘం కావలసి వచ్చింది. 1930ల నడుమ హైదరాబాదులో ఆంధ్ర యువతీ మండలి పుట్టింది. స్థాపక సభ్యుల్లో ఒకరు ఇల్లిందల సరస్వతీదేవి. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండని పిల్ల. తర్వాత ఆమె వందలకొద్దీ కథలు రాశారు. ‘స్వర్ణకమలాలు’ కథల సంపుటికి 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మండలి పని సాదాసీదాగా ఉండేది. ఇంటిపని ముగించుకుని వచ్చిన ఆడవాళ్లకు చదువు, చేతిపని, పదిమందిలో నిలబడి మాట్లాడే అలవాటు. వినడానికి చిన్నవే. గడప దాటడమే కష్టమైన ఇల్లాలికి వారంలో ఒక పూట తనదంటూ ఒక చోటు దొరకడం ఎంత పెద్ద విషయమో ఆ తరం వాళ్లకే తెలుసు.

ఆ వాతావరణంలోనే మసలిన మరో మనిషి సంగం లక్ష్మీబాయి. 1911లో ఘట్‌కేసర్ దగ్గర పుట్టారు. బాల్య వివాహం, ఆ వెంటే వైధవ్యం. చదువు కోసం గుంటూరు శారదా నికేతనం వెళ్లారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. హైదరాబాదు తిరిగి వచ్చి దిక్కులేని ఆడపిల్లల కోసం ఇందిరా సేవాసదన్ నిలబెట్టారు. 1957లో వికారాబాద్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. చాంద్రాయణగుట్ట దాటి సైదాబాద్ వైపు వెళ్లే బస్సులో కండక్టరు “ఐ.ఎస్. సదన్, ఐ.ఎస్. సదన్” అని కేకేస్తాడు. రోజూ ఆ స్టాపులో దిగేవాళ్లలో ఎంతమందికి ఆ రెండు అక్షరాల వెనక ఇందిరా సేవాసదన్ ఉందని తెలుసో! ఒక ఆడమనిషి అనాథ పిల్లలకు పెట్టిన ఇల్లు ఏకంగా ఒక పేటకే పేరైంది.

ఇక ఈ కథలో అందరికంటే ఎక్కువసేపు నిలిచి చూడవలసిన మనిషి దుర్గాబాయి.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకుని పుట్టింట ఉండిపోయారు. ఇంగ్లీషు చదువు మీద కోపంతో బడి మానేసి, చిన్న వయసులోనే ఇరుగుపొరుగు ఆడవాళ్లకు హిందీ చెప్పే పాఠశాల నడిపారు. 1930 నుంచి ఉప్పు సత్యాగ్రహంలో పలుమార్లు జైలు. మదురై జైల్లో ఒంటరి గదిలో కూడా ఉంచారు. ఆ జైళ్లలోనే ఆమె జీవితం మలుపు తిరిగింది. నేరం ఏమిటో, తమ మీద మోపిన సెక్షను ఏమిటో తెలియకుండానే శిక్ష అనుభవిస్తున్న నిరక్షరాస్య స్త్రీలను ఆమె అక్కడ చూశారు. వీళ్ల తరఫున మాట్లాడాలంటే చట్టం తెలియాలి, చట్టం తెలియాలంటే చదవాలి అనుకున్నారు. విడుదలయ్యాక బడి పిల్లల వయసు దాటిపోయిన మనిషి ప్రైవేటుగా కూర్చుని బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసయ్యారు. ఆ తర్వాత ఇంటర్మీడియట్.

బి.ఏ. ఆనర్స్ కోసం వాల్తేరు వెళ్లి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు అడిగారు. వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, కాబట్టి చేర్చుకోవడం కుదరదన్నారు. అక్కడితో తిరుగు ప్రయాణం కట్టేవాళ్లు ఎందరో ఉంటారు. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమన్నారు. పదిమంది దాకా ముందుకొచ్చారు. అందరూ కలిసి ఒక వసతి చూసుకుని, వంటా వార్పూ తామే చూసుకుంటూ హాస్టల్ నడిపారు. ఇప్పుడు హాస్టల్ ఉంది, సీటు ఇవ్వండి అని అడిగారు. ఇచ్చారు. 1939లో ఆమె రాజనీతి శాస్త్రంలో ఆనర్స్ పట్టా అందుకున్నారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా.

తెలుగునాట విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మహిళా సంఘం ఎలా పుట్టిందని అడిగితే చెప్పవలసిన మొదటి కథ ఇదేనేమో. దానికి రిజిస్ట్రేషను లేదు, పేరు పలక లేదు. పదిమంది పిల్లలు, ఒక పొయ్యి, ఒక పట్టుదల. లండన్ క్లబ్బులో చదువు ముగించిన స్త్రీలు కలుసుకున్నారు. వాల్తేరులో చదువు మొదలుపెట్టడానికే కలవాల్సి వచ్చింది.

ఇదే కాలంలో మద్రాసు మైలాపూరులో ఇరుగుపొరుగు పిల్లలను పోగేసి దుర్గాబాయి నడిపిన చిన్న బృందం 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుకట్టింది. జోగిపేటలో మొదలైన సభతో పేరు కలిసినా ఇది వేరు. తాను నడిచిన దారినే ఆ సభ ఇతరులకు వేసింది. పెళ్లి వల్లనో, వైధవ్యం వల్లనో, పేదరికం వల్లనో మధ్యలో చదువు ఆగిన ఆడవాళ్లను చేర్చుకుని బెనారస్ మెట్రిక్‌కు తయారు చేసింది. పది పన్నెండేళ్ల చదువును రెండు మూడేళ్లలో కుదించి చెప్పడం ఎలాగో అక్కడ సాధన జరిగింది. ఒక పత్రిక వచ్చింది. ఆస్పత్రి వచ్చింది. నర్సుల శిక్షణ వచ్చింది.

దుర్గాబాయి రాజ్యాంగ పరిషత్తులో కూర్చున్న పదిహేనుమంది మహిళల్లో ఒకరు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ మండలి దేశమంతటికీ ఒక పథకం తెచ్చింది. మధ్యలో చదువు మానేసిన వయోజన స్త్రీలకు కుదించిన పాఠ్యక్రమం. మైలాపూరులో నలుగురికి పాఠం చెప్పిన పద్ధతే ఢిల్లీ చేరి, అక్కణ్ణుంచి ఊరూరికీ పాకింది. అలా చదివినవాళ్లు గ్రామసేవికలయ్యారు, నర్సులయ్యారు, బాలవాడీల్లో టీచర్లయ్యారు. మన ఇళ్లలో అమ్మమ్మో నాయనమ్మో పెళ్లయ్యాక చదివి ఉద్యోగం చేసిందని ఎవరైనా చెబితే, దాని వెనుక ఇలాంటి తరగతి గది ఉండే అవకాశం చాలా ఉంది.

1967 తర్వాత దుర్గాబాయి, తర్వాతి కాలంలో ఆమె పెళ్లాడిన చింతామన్ దేశ్‌ముఖ్ హైదరాబాదు విద్యానగర్‌లో స్థిరపడ్డారు. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఆంధ్ర మహిళా సభ మహిళా కళాశాల మొదలైంది. దగ్గర్లోనే ఆస్పత్రి. అక్షరాస్యత కోసం విడిగా సాక్షరతా భవనం. 1971లో అక్షరాస్యతా కృషికి ఆమెకు నెహ్రూ పురస్కారం వచ్చింది. విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక మహిళా సంఘం నడిపే కాలేజీ ఉండటం, ఆ సంఘమే బడి ముఖం చూడని వయోజనుల కోసం వాచకాలు తయారు చేయించడం ఆమె ఆలోచన ఎలాంటిదో చెబుతాయి. ఒక చేత్తో డిగ్రీ, రెండో చేత్తో పలక. ఢిల్లీ మెట్రోలో విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం దగ్గరి స్టేషనుకు ఈ రోజు ఆమె పేరే ఉంది.

పలక పట్టిన చేతులు ఎంత పని చేస్తాయో 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా చూపించింది. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు పాఠం చదివి, దాని మీద మాట్లాడుకుని, తమ ఇళ్లను ముంచుతున్నది సారా అని తేల్చుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు.

ఇంతదాకా చెప్పినవి చదువు కోసం పెట్టిన సభలు. కాస్త వెనక్కి వెళ్లి 1970లు చూస్తే, ఉస్మానియాలో చదువుకుంటున్న అమ్మాయిల సంఖ్య పెరిగింది. చదువు దొరికింది. దానితోపాటు బస్సులో వేధింపు, వీధిలో అసభ్య పోస్టర్లు, పెళ్లినాటికి కట్నం కూడా ఎదురయ్యాయి. 1974లో విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టుకున్నారు. హాస్టళ్లు తిరిగారు, సంతకాలు సేకరించారు, కట్నం వద్దని ఊరేగింపులు తీశారు, ధరల పెరుగుదల మీద బస్తీ ఆడవాళ్లతో కలిసి నిలబడ్డారు. మరుసటి ఏడాదే అత్యవసర పరిస్థితి వచ్చి సంఘం చెదిరింది. కానీ ఆ పరిచయాలు చెదరలేదు. 1978లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. అందులో అధ్యాపకులున్నారు, పరిశోధకులున్నారు. 1985లో ఉస్మానియా ప్రాంగణం కేంద్రంగా అన్వేషి మహిళా అధ్యయన పరిశోధన కేంద్రం వచ్చింది. దేశ భాషల్లో రెండున్నర వేల ఏళ్లుగా స్త్రీలు రాసినదాన్ని రెండు పెద్ద సంపుటాలుగా ప్రపంచం ముందు పెట్టిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ ఈ హైదరాబాదు బృందంలోని వాళ్ల కృషే.

ఇప్పుడు మళ్లీ శంషాబాద్ రోడ్డు మీదికి వద్దాం.

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇక్కడికి వచ్చాక ఈ ప్రాంతం ముఖం మారిపోయింది. జొన్న చేలు, ద్రాక్ష తోటలు ఉన్నచోట గోదాములు, హోటళ్లు, ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి. పొలం పని ఉన్నప్పుడు ఆడవాళ్లకు కూలి దొరికేది, జట్టు దొరికేది. పొలం పోయాక రెండూ పోయాయి. ఆ లోటు పూడ్చడానికి కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. విమానాశ్రయం నడిపే సంస్థకు చెందిన వరలక్ష్మి ఫౌండేషన్ చుట్టుపక్కల ఊళ్ల యువతకు వృత్తి శిక్షణ ఇస్తోంది. ముచ్చింతల్‌లో స్వర్ణభారత్ ట్రస్టు కుట్టుపని వంటివి నేర్పుతోంది. ఆరాంఘర్ దగ్గర, రాజేంద్రనగర్‌లో, ఒకపక్క వ్యవసాయ విశ్వవిద్యాలయం, మరోపక్క జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లు వేరే రాష్ట్రాల నుంచి కూడా అక్కడికి వచ్చి చేతికాగితం తయారీ వంటి పనులు నేర్చుకుని వెళ్తుంటారు.

ఈ ప్రాంతం మోస్తున్న ఒక బాధ కూడా ఉంది. 2019 నవంబరులో తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఒక యువతికి జరిగిన ఘోరాన్ని ఈ ఊళ్ల వాళ్లు మరిచిపోలేదు. ఆ తర్వాత చాలా ఇళ్లలో మొదట వినిపించిన మాట, ఇక అమ్మాయిని అంతదూరం చదువుకు పంపాలా అని. నేరం చేసింది ఎవరో, చదువు మానుకోవలసింది ఎవరో! ఆ మాట వినగానే వాల్తేరు కథ గుర్తొస్తుంది. హాస్టల్ లేదు కాబట్టి సీటు లేదన్నారు అప్పుడు. దారి బాగాలేదు కాబట్టి చదువు వద్దంటున్నారు ఇప్పుడు. అప్పుడు ఆడపిల్లలు చదువు వదులుకోలేదు, హాస్టల్ పెట్టుకున్నారు. ఇప్పుడు అవసరమైనదీ అలాంటిదే. షిఫ్టు ముగిసి అర్ధరాత్రి బయటికొచ్చే అమ్మాయికి నమ్మకమైన వసతి కావాలి. ఉద్యోగినుల హాస్టళ్లకు కేంద్ర ప్రభుత్వ పథకం 1972 ప్రాంతం నుంచీ ఉంది. అడిగి తెచ్చుకునే సంఘం ఉండాలి. రోజూ ఒకే బస్సులో కోఠీకి వెళ్లే పిల్లలు ఒకరి పేరు ఒకరికి తెలిసేలా, ఒకరు రాకపోతే మిగతావాళ్లు ఫోను చేసేలా ఒక జట్టు ఉండాలి. ఊళ్లో పదో తరగతితో ఆగిపోయిన వదినకో అక్కకో ఓపెన్ స్కూల్ పరీక్షకు ఆదివారం పూట పాఠం చెప్పేందుకు ఆ జట్టులో ఇద్దరు చాలు. ఆంధ్ర మహిళా సభ మొదలైంది ఇంతకంటే పెద్ద జట్టుతో ఏమీ కాదు.

చివరగా ఒక పేరు గురించి చెప్పి ముగిద్దాం.

స్త్రీశక్తి సంఘటన సభ్యులు 1980ల మొదట్లో టేప్ రికార్డరు పట్టుకుని తెలంగాణ పల్లెలకు బయలుదేరారు. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను కలిసి, వాళ్ల అనుభవాల్ని వాళ్ల మాటల్లోనే రికార్డు చేశారు. 1986లో అది ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంగా వచ్చింది. అందులో మాట్లాడినవాళ్లలో ఒకరు పాలకుర్తికి చెందిన చిట్యాల ఐలమ్మ. చాకలి ఐలమ్మ అంటే అందరికీ తెలుస్తుంది. కౌలుకు తీసుకుని పండించిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే ఎదురు నిలిచి కాపాడుకున్న మనిషి. 1985 సెప్టెంబరు 10న ఆమె కన్నుమూశారు. పుస్తకం వచ్చేనాటికి ఆమె లేరు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆమె ముందు కూర్చుని విన్నారు కాబట్టి, ఆమె గొంతు అందులో ఉండిపోయింది.

2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. రెసిడెంటు దొర కోసం కట్టిన భవనం మీద ఇప్పుడు ఆమె పేరు. రేపు పొద్దున శంషాబాద్‌లో బస్సెక్కే అమ్మాయి మెడలోని కార్డు మీద ఉన్నదీ, కొన్నాళ్లకు ఆమె పట్టా మీద అచ్చయ్యేదీ ఆ పేరే.